మెచ్చుకునే పలక

మా గోడమీద గురుపలక అని, పాఠాలు చెప్పే తెర రూపంలో ఒక పనికిమాలిన మేష్టారు వేలాడుతోంది. ఇప్పుడు ఏ ఇంట చూసినా అదే. మా అమ్మాయి ప్రసూన ఆరు నెలలుగా దాని దగ్గర వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటోంది. వేలు తప్పు చోట పడేలోపే అది సర్దేస్తుంది. ఆపైన "అద్భుతం, ప్రసూనా!" అంటుంది.

రేపే ఉద్యోగ పరీక్ష. అక్కడ పలక ఉండదట. ఈ పరీక్ష పోతే మళ్లీ ఏడాది దాకా పిలవరు. మధ్యాహ్నం ఆ వాగుడుకాయని ఆపేసి, "నా కుట్టు దుకాణానికి ఒక్క పేజీ చెయ్యవే," అన్నాను.

తన ట్యాబ్‌లో ఖాళీ తెర ముందు పిల్ల వేలెత్తి కూర్చుంది. "ఇక్కడ పెట్టనా అమ్మా? కరెక్టేనా?"

"ఏడో క్లాసుతో చదువు ఆపేసినదాన్ని, నన్నడుగుతావేంటే?"

వేలు దిగలేదు. కళ్లలో నీళ్లు దిగాయి.

నా దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్లకి మొదటి నెల కత్తెర ఇవ్వను. చెడిపోయిన జాకెట్లు ఇచ్చి కుట్లు విప్పిస్తాను. అది గుర్తొచ్చి, ట్యాబ్ నా వైపు లాక్కుని, ఒక జాకెట్టు బొమ్మ, నా ఫోన్ నంబరు అందులో పెట్టి చేతికొచ్చినట్టు నొక్కాను. జాకెట్టు బొమ్మ తలకిందులైంది. ఫోన్ నంబరు దాని వెనక దూరింది.

"నంబరు కనపడకపోతే నీకెవరు ఫోన్ చేస్తారమ్మా! ఇటివ్వు!"

ప్రసూన కసురుకుంటూ నంబరు పైకి తెచ్చింది, బొమ్మ నిలబెట్టింది. మధ్యలో ఏదో చెడగొట్టుకుని, తనని తానే తిట్టుకుని మళ్లీ సర్దింది. నన్ను ఒక్కమాట అడగలేదు.

అద్భుతం అనబోయి నోరు మూసుకున్నాను. ఆ మాటని ఆ పలక ఎప్పుడో ఎంగిలి చేసేసింది.