చేతిఖర్చు

లాడ్జి గదిలో మంచాన్ని ఎత్తి గోడకు నిలబెట్టి, ఆ జాగాలో బల్ల వేశారు.

బల్లకు అవతల వరదరాజులు. కువైట్ ఆసుపత్రికి నర్సులను ఎంపిక చెయ్యడానికి మద్రాసు నుంచి వచ్చిన ఏజెంటు.

డెబ్బై ఆరు, మే నెల. కరెంటు లేదు. వరండాలో గన్నవరం నుంచీ మైలవరం నుంచీ వచ్చిన నర్సులు సర్టిఫికెట్లతోనే విసురుకుంటున్నారు.

లోపల కుర్చీలో దానమ్మ. పక్కన ఆమె భర్త ఏసుపాదం.

రేడియో రిపేరు షాపు మూసేసిన దగ్గర్నుంచి అతనికి వేరే పని లేదు. ఆమె జీతంతోనే ఇల్లు గడుస్తోంది. కువైట్ మాట ఇంటికి మోసుకొచ్చింది కూడా అతనే.

"ఆరేళ్ల సర్వీసు, పురుళ్ల వార్డు. బాగుంది," అన్నాడు వరదరాజులు కాగితాలు తిరగేస్తూ. "నెలకు నూరు దినార్లు ఇస్తారు."

"మన డబ్బుల్లో?" అడిగాడు ఏసుపాదం.

"రెండువేల ఎనిమిది వందలకు తగ్గదు."

ఇక్కడ దానమ్మకు వచ్చేది మూడొందల పైచిల్లర. ఏసుపాదం కుర్చీలో ముందుకు జరిగాడు.

"మరి తిండీ, గదీ?"

"పెళ్లికాని వాళ్లకయితే ఆసుపత్రి హాస్టలే. రెండూ ఉచితం. పెళ్లయిన వాళ్లను అందులో పెట్టుకోరు. బయట గది చూసుకోవాలి. అద్దెకే నలభై పోతుంది, తిండి వేరే." వరదరాజులు తలెత్తాడు. "ఏమ్మా, పెళ్లయిందా?"

దానమ్మ నోరు తెరిచేలోపే ఏసుపాదం అందుకున్నాడు.

"కాలేదండి. నేను అన్నయ్యనండి."

అంటూనే ఆమె కాలివేళ్ల వైపు చూశాడు.

దానమ్మ మట్టెలున్న పాదాలను కుర్చీ కిందికి లాక్కుంది. పైట మెడ చుట్టూ కప్పుకుంది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియలేదు.

"అయితే చిక్కే లేదు. సర్టిఫికెట్లలో పుట్టింటి పేరే ఉంది. పాస్‌పోర్టు మేం రాయిస్తాం," అన్నాడు వరదరాజులు. "ఇక జీతం. అక్కడ చేతిఖర్చుకు ఎంత ఇమ్మంటారు, ఇంటికి ఎంత పంపమంటారు?"

"అయిదు చాలండి," అన్నాడు ఏసుపాదం. "తిండి ఎటూ వాళ్లే పెడతారు కదా."

"అయిదా! సబ్బులూ, చెప్పులూ, ఉత్తరాలూ... ఆడమనిషికి అవసరాలు ఉంటాయి. పాతిక ఉండనివ్వండి."

"అమ్మో, పాతికే! మా చెల్లాయికి అంత ఖర్చేముంటదండి? చీరలు ఇక్కణ్ణించే తీసుకెళ్తది. ఉత్తరం నెలకొకటి చాలు. ఎనిమిది చెయ్యండి. మిగతాదంతా నా పేర పంపించెయ్యండి."

పెళ్లయిన ఈ మూడేళ్లలో అతను ఇంత హుషారుగా మాట్లాడగా దానమ్మ వినలేదు.

ఆమె సబ్బులు, ఆమె చెప్పులు, ఆమె ఉత్తరాలు. ఒక్కొక్కటికీ ఆమె కళ్లముందే కోత పడుతోంది.

చివరికి బేరం పది దగ్గర ఆగింది.

"సిస్టర్, మీకు సమ్మతమేనా?" వరదరాజులు మర్యాదకు అడిగాడు.

దానమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది.

"నాకు ముప్పై ఉంచండి."

ఏసుపాదం నవ్వాడు. "దానికేం తెలవదండీ..."

"మిగతాది మా అమ్మ పేర పంపండి. శౌరమ్మ, గుణదల."

వరదరాజులు కలం ఆగింది. "అన్నయ్యగారి పేర అన్నారు కదా?"

"అన్నయ్యకి పెళ్లయిందండి. ఆయన సంసారం ఆయనది. నా డబ్బుల గొడవ ఆయన నెత్తిన పెట్టడం బాగోదు."

ఏసుపాదం నోరు తెరిచాడు. చెప్పడానికి ఒక్క మాటే ఉంది. అది చెబితే హాస్టలు పోతుంది.

నోరు మూసుకున్నాడు.

అతని మొహం కందిపోవడం చూసి దానమ్మకు కడుపులో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

"అమ్మగారు కాక, ఇంట్లో మీ మీద ఆధారపడ్డవాళ్లు ఇంకెవరన్నా ఉన్నారా?"

పొద్దున పాపకు పాలిచ్చి బయల్దేరింది. దానికింకా ఎనిమిదో నెల. ఈపాటికి ఆకలికి గుక్కపట్టి ఏడుస్తూ ఉంటుంది.

ఆ తలపుకే జాకెట్టు తడిసింది. పైట ఇంకా గట్టిగా బిగించుకుంది.

భర్త వైపు చూసింది. ఈ ఒక్కసారి తనకన్నా ముందు అతను నోరు విప్పితే బాగుండుననుకుంది.

అతను కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

"ఇంకెవరూ లేరండి," అంది.

రోడ్డు మీదికి రాగానే ఏసుపాదం ఆమె రెక్క పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావే! నామీద ఆమాత్రం నమ్మకం లేదా నీకు?"

"వదలండి. పైనుంచి చూస్తున్నాడు."

నిజమే. వరదరాజులు గాలి కోసం మేడ మీది పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఏసుపాదం ఆమె చెయ్యి వదిలేశాడు. బస్టాపు దాకా ఎడంగా నడిచాడు. బస్సులో మగవాళ్ల వైపు కూర్చున్నాడు. గుణదలలో దిగాక ఇంటికి రాకుండా ఎటో వెళ్లిపోయాడు.

శౌరమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పాపను కూతురి చేతికి అందించింది.

దానమ్మ గోడకు చేరగిలబడి పాలు పట్టింది. వచ్చే నెలలోనే ప్రయాణమని చెప్పింది.

శౌరమ్మ కళ్లొత్తుకుంది.

"ఏమేం అడిగారే?"

"ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు."

"ఏం చెప్పావు?"

"నువ్వున్నావని చెప్పా."

శౌరమ్మ మిగతా మాట కోసం చూసింది.

దానమ్మ పాపను రెండో వైపుకు మార్చుకుంది.