మూడో ప్లాస్టర్

“తాళంచెవులు రెండే. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర. నాది నా హ్యాండ్‌బ్యాగు దాటదు. మరి సీసా సగానికి ఎలా వచ్చిందే?” అంది శాస్త్రవేత్త, ల్యాబులో ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని.

ఎదురుగా ఉన్నది ఆమె స్నేహితురాలు. ల్యాబంతా ఆమెను సత్తెకాలం అని పిలుస్తారు. అలాంటి మనిషే, ఇద్దరూ ఒళ్లు హూనం చేసుకుని తయారుచేసిన నూనెను పోటీ కంపెనీకి చేరవేసిందని శాస్త్రవేత్త అనుమానం. ఆ నూనె తమదేనని ఆ కంపెనీ పొద్దున్నే ప్రకటించుకుంది.

“నేను తియ్యలేదే. ఒట్టు.”

“ఒట్లెందుకు? నీ ఒంటినే అడుగుదాం.”

ఒంటికి కాపలా కాసే టి కణాలు ప్రొటీన్ ముక్కలనే గుర్తుపడతాయని చాలామంది అనుకుంటారు. వాటిలో కొన్ని వేరే రకం. వాటికి నూనెలూ తెలుస్తాయి. ఒకసారి చర్మానికి అంటిన ఈ నూనె మళ్లీ అంటితే, రెండు రోజుల్లో అక్కడ ఎర్రగా పొంగి దురద పెడుతుందని ఈ ఇద్దరే తేల్చారు. కొత్త ఒంటిని అది ఏమీ చెయ్యదు. ఫ్రిజ్ అర మీద ఒలికిన నూనె పాతబడి జిగురైంది, ఎవరో ఒట్టి వేళ్లతో తుడిచిన చారలు అందులో కనిపిస్తూనే ఉన్నాయి.

తను గ్లవ్స్ లేకుండా ఏనాడూ సీసా ముట్టలేదు కాబట్టి శాస్త్రవేత్త తన చేతికీ ఒక చుక్క వేసుకుని ప్లాస్టర్ అంటించుకుంది. రెండోది సత్తెకాలానికి. పోల్చి చూడటానికి ఆ నూనె మొహమే చూడని బయటి మనిషి ఒకరు కావాలి. రోజూలాగే శాస్త్రవేత్తను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన ఆమె భర్త స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“నూనెని గుర్తుపట్టడమేమిటి? మీ కణాలకి ప్రొటీన్లు తప్ప ఇంకేవీ ఆనవని పెళ్లైన కొత్తలో నువ్వే చెప్పావుగా,” అని నవ్వుతూ అతను చెయ్యి చాపి మూడో ప్లాస్టర్ వేయించుకున్నాడు. నమ్మదగ్గ మనిషి ఒక్కడైనా మిగిలాడని ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం, భర్త ఇంకా రాకముందే, ఇద్దరూ తమ ప్లాస్టర్లు విప్పారు. శాస్త్రవేత్త చెయ్యి శుభ్రంగా ఉంది. సత్తెకాలం చెయ్యి కూడా అంతే, ఒక్క మచ్చ లేదు.

శాస్త్రవేత్తకి తల కొట్టేసినట్టయింది. క్షమించమంటూ ఏదో అనబోయింది. సత్తెకాలం తన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“ఇన్నేళ్ల నా మాట కంటే నా చర్మం మాటే నీకు ఎక్కువైంది,” అని ఏడుపు దిగమింగుకుంటూ వెళ్లిపోయింది.

మెట్లమీద ఆమెకు ఎదురైన భర్త లోపలికి వచ్చాడు. భార్య ఎర్రబడ్డ కళ్లు చూసి భుజం మీద చెయ్యి వేశాడు.

“తేలిపోయిందన్నమాట. నువ్వు మరీ పిచ్చిదానివి, ఎవర్ని పడితే వాళ్లని నమ్మేస్తావు,” అంటూ, ఆ చేతి మీది ప్లాస్టర్‌ని రెండో చేత్తో చొక్కా మీదుగానే పరపరా గోక్కున్నాడు.