పైగదిలో నడక

పైకప్పు మళ్ళీ అదరడం మొదలైంది.

అప్పుడే కన్నంటుకున్న భర్త మూలిగి అటు తిరిగాడు. ఆమె చీపురుకర్ర తిరగేసి పైకప్పును రెండు పోట్లు పొడిచింది. అడుగులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మెల్లగా, పిల్లిలా మళ్ళీ మొదలయ్యాయి.

పిల్లి అయితే బాగానే ఉండేది. పైనున్నది ఏనుగు.

ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఆ లాడ్జిలో దిగినవాళ్ళంతా రోగులూ, వాళ్ళ తాలూకు మనుషులూ. ఎవరి ఆదుర్దా వాళ్ళది. అయినా పైగదిలోని లావుపాటి ఆయనకి రోడ్డు రోలర్ అని పేరు పెట్టే తీరిక మాత్రం అందరికీ దొరికింది. బయట విడవని వాన. అందుకని ఆయన పొద్దస్తమానం గదిలో నడుస్తాడు, లేదా మెట్లెక్కి దిగుతాడు. భోజనాల గదిలో ఉడికించిన కూరముక్కలు ముందు పెట్టుకుని పక్కవాళ్ళ పళ్ళేల వంక చూస్తాడు. పులి గడ్డి తింటోందని వాళ్ళ నవ్వు.

ఆమె ఫిర్యాదు చేస్తే మేనేజరు కూడా నవ్వేశాడు.

"ఆయన మెట్లెక్కినన్నాళ్ళూ మా లిఫ్టుకి ఆయుష్షు పెరుగుతుందమ్మా."

ఆమెకి నవ్వు రాలేదు. ఆయుష్షు సంగతి ఆమెకి బాగా తెలుసు.

చుక్క మందు ముట్టని తన భర్తకి కాలేయం పాడవడమేమిటని మొదట్లో ఆమె డాక్టరుతో వాదించింది. కొవ్వు చాలమ్మా, అన్నాడాయన. కూర్చుని చేసే ఉద్యోగం, దాహమేస్తే తీపి నీళ్ళు, తిన్న వెంటనే పడక. చిన్నప్పుడు బొద్దుగా ఉంటే ముద్దొస్తున్నాడని ఇంట్లో ఇంకో ముద్ద పెట్టారు. పొట్ట పెరగడం అందరికీ కనిపించింది. లోపల కాలేయానికి కొవ్వు పట్టడం ఎవరికీ కనిపించలేదు.

ఇక ఎవరో ఒకరు తమ కాలేయంలో ముక్క ఇస్తేనే మనిషి దక్కుతాడు. ఆమెది సరిపడలేదు. చుట్టాలందరికీ చెప్పుకుంది. జాలిపడనివాళ్ళు లేరు, వచ్చినవాళ్ళూ లేరు. చివరికి ఆస్పత్రిలో ఈ ఏర్పాట్లు చూసే అమ్మాయి ఒక కబురు చెప్పింది. ఒకరు ముందుకొచ్చారట. పరీక్షలన్నీ నెగ్గేదాకా ఎవరని మాత్రం అడగొద్దంది.

అప్పటి నుంచి ఆమె చేతిలో ఫోను వదలడం లేదు. అది మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. ఆ పైన ఈ అడుగులు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక పట్టలేక పైకి వెళ్ళింది. ఆయన మెట్ల మధ్యలోనే ఎదురయ్యాడు. మెట్ల కమ్మీ పట్టుకుని రొప్పుతున్నాడు. భుజం మీద తువ్వాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది.

"కాసేపు కూర్చోలేరా అండీ? కింద మా ఆయన చావుబతుకుల్లో ఉన్నారు."

"తెలుసమ్మా."

"తెలిసీ ఈ పరుగేమిటి? ఇన్నేళ్ళు కూర్చుని పెంచిన ఒళ్ళు ఇవాళే కరగాలా? ఎవరైనా తరుముతున్నారా?"

"తరుముతున్నట్టే ఉంది," అన్నాడాయన. ఇంకేదో చెప్పబోయి మింగేశాడు. ఆమెకి తోడుగా భర్త తరఫువాళ్ళెవరూ రాలేదా అని అడిగాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసినా ఆమె ఆగలేకపోయింది.

"మా ఆయనకి ఉన్నాడొక అన్నగారు. మాటామాటా పెరిగి ఎప్పుడో ఇల్లు వదిలిపోయాడట. మా పెళ్ళికే రాలేదు, నేనాయన మొహమైనా ఎరగను. మొన్న మనిషి చేత కబురు పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ చావు కబురేదో అందితే అప్పుడొస్తాడేమో."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇక చప్పుడు వినపడదులే అమ్మా," అన్నాడు చివరికి.

సాయంత్రానికి పైగది ఖాళీ అయింది. పెట్టె తీసుకుని వానలోనే వెళ్ళిపోయాడని మేనేజరు కాస్త నిష్ఠూరంగా చెప్పాడు.

లాడ్జి నిశ్శబ్దంగా ఉంది. భర్త మాత్రం నిద్రపోలేదు.

"పైన ఆ అడుగులేవీ?"

"పోయాడు. నేనే పంపించేశాను."

"అయ్యో," అన్నాడు భర్త. "ఆయన నడుస్తున్నంతసేపూ నాకు ఎవరో తోడున్నట్టుండేది."

ఆ మాట ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. వాన తగ్గాక నాలుగైదుసార్లు కిటికీ తెరిచి వీధిలోకి చూసింది కూడా. ఆ ఆకారం ఎక్కడా కనపడలేదు.

నెల తిరిగాక ఫోను మోగింది. దాత పరీక్షలన్నీ నెగ్గాడు.

ఆపరేషను గది ముందు భర్త ఉన్న స్ట్రెచరు బండిని లోపలికి తోసుకుపోయారు. దాని వెనకే ఇంకో బండి వచ్చింది. ముందు ఆమెకి కనిపించినవి అరికాళ్ళు. నిండా బొబ్బలు, చితికినవి కొన్ని, మానుతున్నవి కొన్ని. దుప్పటి కింద పొట్ట చాలా తగ్గింది. బుగ్గలు లోపలికి పోయాయి. మత్తులో ఉన్న ఆ మొహాన్ని పోల్చుకోవడానికి ఆమెకి కొంతసేపు పట్టింది.

తలుపులు మూసుకున్నాయి.

"ఈయనా?" అంది ఆమె, పక్కనున్న ఆస్పత్రి అమ్మాయి చెయ్యి పట్టుకుని. "ఈయనెవరో కూడా మాకు తెలియదమ్మా. మా కోసం ఈయనకేం పట్టింది?"

ఆ అమ్మాయి విస్తుపోయి చూసింది.

"ఈపాటికి చెప్పే ఉంటారనుకున్నానండీ. ఆయన కాలేయానికీ కొవ్వు పట్టిందని మొదట డాక్టర్లు వద్దన్నారు. కరిగించుకునే వస్తానని పట్టుబట్టారు. ఒకవేళ కరగకపోతే తమ్ముడు ఆశపడి కుంగిపోతాడు, పనయ్యేదాకా మా మరదలికి కూడా చెప్పొద్దన్నారు."