దాని మనిషి

"లేవండి, లేవండి! ఆ స్టూలు మీద కూర్చోకూడదు."

చేతిలో స్పానరుతోనే అరిచింది ఆమె.

అప్పుడే షెడ్డులోకి వచ్చి, మూలనున్న స్టూలు మీద ఆయాసం తీర్చుకుంటున్న పెద్దాయన గబుక్కున లేచాడు.

"మళ్ళీ విరిగిందా అమ్మా?"

"విరగలేదు. మా నాన్న దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. అంతే."

ఎందుకని చిన్నప్పుడు తనూ అడిగింది. "దాని మనిషి వస్తాడులే" అని నవ్వేసేవాడు నాన్న. బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన సొంత బావమరిదినే గంటసేపు నిలబెట్టిన ఘనుడు.

"మీ నాన్న లేడా?"

ఊరంతా గారూ అని పిలిచే మనిషిని పట్టుకుని 'లేడా' అనేసరికి ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"లేరు. పోయి ఏడాదైంది."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. విరిగిన కాడకు ముడి కనపడకుండా మైనం దారం చుట్టి ఉంది. ఆ తుడవడం ఎంతకీ తెమలలేదు.

ఆమెకు అదంతా పట్టించుకునే తీరిక లేదు. ఎదురుగా సీటు ఊడదీసిన నాన్న బండి ఉంది. ఆయన పోయిన నెలకే అదీ మూగబోయింది. తాళం తిప్పితే మీటరులో దీపం వెలగదు. పెట్రోలు పంపు గుయ్యిమనదు. లోపం చూపే స్కానరు తగిలించినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈసీఎం పోయిందని తేల్చేసింది. నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో, పెట్రోలు ఎంత పోయాలో ఇంజనుకు చెప్పే నల్లపెట్టె అది. ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగితే ఒక్కటంటే ఒక్కటి దొరికింది.

ఇదంతా అమ్మ కోసం.

"ఆ బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే పొయ్యి వెలిగించేదాన్ని. ఒక్కసారి వినిపించవే" అని అడిగింది అమ్మ. షెడ్డు వెనకే ఇల్లు. ఇవాళ వినిపించి తీరతానని పొద్దున్నే మాట ఇచ్చేసింది తను.

"ఏం మారుస్తున్నావమ్మా?" పెద్దాయన వంగి చూశాడు.

"ఈసీఎం."

"ముందు ఎర్త్ వైరు చూశావా? టాంకు కింద, ఫ్రేముకు బిగించి ఉంటుంది."

"ఇది కార్బురేటర్ బండి కాదు పెద్దాయనా. కంప్యూటరు బండి."

"పెట్టెల సంగతి నాకు తెలీదనుకో. కానీ ఏ బండికైనా వెళ్లిన కరెంటు తిరిగి రావాలిగా. మీ నాన్నయితే ముందు అదే చూసేవాడు."

"మా నాన్న ఏం చేసేవాడో మీరు నాకు చెప్తారా? ఆయన చేతికింద పదిహేనేళ్లు పని చేశాను!"

పెద్దాయనకు కోపం రాలేదు. పైగా నవ్వాడు.

"నిజమే తల్లీ. స్పానరు పట్టుకోవడంలోనే తెలుస్తోంది."

"మీ బండికేమైనా పనుందా?"

"నాకు బండి లేదమ్మా. ఊరికే, చూసి పోదామని వచ్చాను. బస్సు వేళయింది, వస్తా."

వెళ్తూ వెళ్తూ ఆ స్టూలు వైపు ఒకసారి చూశాడు.

ఆమె కొత్త పెట్టె బిగించింది. తాళం తిప్పింది.

దీపం వెలగలేదు.

మళ్ళీ తిప్పింది. బండి బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది. ఎనిమిది నెలల తిరుగుడు గుర్తొచ్చి ఆమెకు నీరసం ముంచుకొచ్చింది.

"అయిందా?" వంటింట్లోంచి అమ్మ గొంతు.

"అయిపోతోంది, ఉండమ్మా!"

మనసొప్పకపోయినా టాంకు విప్పి పైకెత్తింది. ఎర్త్ వైరు బోల్టు నిండా పచ్చగా చిలుము. గీకి, శుభ్రంగా తుడిచి, బిగించింది. ఎందుకో అనుమానం వచ్చి, తీసేసిన పాత పెట్టెనే మళ్ళీ తగిలించింది. టాంకు సర్ది తాళం తిప్పింది.

దీపం వెలిగింది. పంపు గుయ్యిమంది. బటను నొక్కగానే రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత కుదురుకుని, షెడ్డంతా నాన్న చప్పుడు.

పాత పెట్టెకు ఏ రోగమూ లేదు.

అమ్మ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మాట్లాడితే నాన్న వెళ్లిపోతాడేమోనని ఇద్దరికీ భయం.

చివరికి ఇంజను ఆపి ఆమే అంది.

"ఎర్త్ చూడమని ఎవరో పెద్దాయన చెప్పాడమ్మా. నేనే కసురుకున్నాను."

"ఎవరే?"

"తెలీదు. కళ్లజోడు కాడకు మైనం దారం చుట్టుకున్నాడు. ముడి ఎక్కడుందో కనపడనే లేదు. ఇదిగో, సీటు కింద ఈ వైరుకు నాన్న చుట్టాడే, అచ్చం ఇలాగే."

అమ్మ ఆ వైరు వైపు చూడలేదు. గబగబా మూలకు వెళ్లి స్టూలు తిరగేసింది.

విరిగిన కాలికి అదే కట్టు. దారం నల్లబడింది గానీ ముడి మాత్రం ఇప్పటికీ కనపడలేదు.

"ముడి దాచి కట్టడం మీ నాన్నకు నేర్పింది ఒక్కరే. ఈ షెడ్డు ఆయనదే. మా పెళ్లయిన కొత్తలో 'ఇక నువ్వే చూసుకోరా' అని మీ నాన్న చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఎక్కడికో కూడా చెప్పలేదు."

ఆమె స్పానరు పడేసి వీధి చివరిదాకా పరుగెత్తింది. బస్టాపులో ఎవరూ లేరు.

తిరిగొచ్చి, అమ్మ సరిచేసి పెట్టిన స్టూలు ముందు నిలబడింది: నాన్న ముప్పై ఏళ్లు ఎవర్నీ కూర్చోనివ్వకుండా కాపాడిన చోటికి చివరికి దాని మనిషి వస్తే, లేవమన్నది తనే.