మేనేజర్‌గారి ముహూర్తం

ఆదివారమే ముహూర్తం. శుక్రవారం మధ్యాహ్నమైనా పెళ్లికొడుకు విఘ్నేశ్వర్‌కు సెలవు మంజూరు కాలేదు. పటాన్‌చెరులోని ఓ సూపర్‌మార్కెట్‌కు అతను మేనేజర్. శ్రావణమాసం ఆఫర్లు నడుస్తుంటే పెళ్లేమిటని హెడ్డాఫీసు వాళ్లు నొచ్చుకున్నారు. చివరికి దయతలచి, తన కుర్చీ ఎవరికైనా అప్పగించి వెళ్లమన్నారు. ఆ కుర్చీ అంటే సెక్యూరిటీ యాదన్న కూడా దండం పెట్టి తప్పుకున్నాడు.

మిగిలింది బిల్లింగు కౌంటర్లో ఉన్న రవళి. కొత్తగా చేరిన పిల్ల, ఇక్కడి లోతుపాతులు తెలియవు. విఘ్నేశ్వర్ ఆశలన్నీ ఆమె మీదే పెట్టుకున్నాడు.

"మేనేజరంటే ఏందనుకున్నవు? ఏసీ రూము, పెద్ద కుర్చీ. అందరు మేడం మేడం అంటరు," అని ఊరించాడు.

అంతలో ఒకావిడ సగం ఖాళీ చేసిన బియ్యం బస్తా తెచ్చి, అన్నం ముద్దవుతోంది, మార్చి ఇవ్వమంది. నీళ్లు తగ్గించి వండమన్నందుకు విఘ్నేశ్వర్ ఆమె చేత నాలుగు తిట్లు తిని, కొత్త బస్తా తనే మోసుకెళ్లి ఆటోలో పెట్టి వచ్చాడు. ఈలోగా షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ వాళ్లు గుంపుగా వచ్చి, ఏసీ కింద కాసేపు నిలబడి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. కెమెరాలో అది చూసిన హెడ్డాఫీసు వెంటనే ఫోన్ చేసి, వచ్చినవాళ్లు ఎందుకు కొనలేదో సంజాయిషీ అడిగింది.

విఘ్నేశ్వర్ చెమట తుడుచుకుంటూ మళ్లీ రవళి దగ్గరికొచ్చాడు. ఇలాంటివి ఎప్పుడో గానీ జరగవని నోటికొచ్చిన అబద్ధం ఆడాడు. ఆమె మొహంలో నమ్మకం కనిపించక, ఉన్నమాట చెప్పేశాడు.

"ఎల్లుండి నా పెళ్లి. జెర రెండు దినాలు సూసుకో రవళీ, నీకు దండం పెడత."

రవళికి జాలేసింది. "నాతోని కాదు సార్. సంగారెడ్డిల మా పాత స్టోరుకు నేనే మేనేజర్ని. నా పెళ్లికి గిట్లనే సెలవియ్యలే. రాజీనామా వాళ్ల మొఖాన కొట్టి మండపానికి పోయిన."

విఘ్నేశ్వర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ తట్టనందుకు తనను తానే తిట్టుకుని, తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాడు.

"మంచి పని చేసినవు," అన్నాడు రాస్తూనే. "పెళ్లి మంచిగ అయ్యిందా?"

"ముహూర్తం దాటేదాంక సూసినం సార్, పిలగాడే రాలే," అంది రవళి. "ఆయన గూడ మేనేజరే."