బిజెకి మాస్టారి గొంతు

షిరే నది పొంగి బిజెకి మాస్టారి సమాధిని ఊడ్చుకుపోయిన ఏడాది అది. బడిలో పిల్లల చదువుల పండుగ. పేజీ చదివి ముగించిన పిల్లల ముందు ఆడవాళ్లు తాము ఒంటికి చుట్టుకునే చితెంజె గుడ్డలు పరిచి, మెచ్చుకోలుగా వాటి మీద నడిపిస్తారు.

ఎసినాతి వంతు వచ్చింది. చదువుతూనే అటూ ఇటూ నడవసాగింది.

"కదలకు! కాళ్లు కట్టేస్తా!"

అరిచింది లైటోని మాస్టారే. పిల్ల కొయ్యబారిపోయింది.

ముందు వరసలోంచి అతని తల్లి లేచింది. "ఏరా, ఏరు ఎత్తుకుపోయిన బిజెకి నీ గొంతులో వచ్చి కూర్చున్నాడా? చిన్నప్పుడు కదిలావని నిన్ను బల్లకోడుకి కట్టేసేవాడు, మరిచావా?"

లైటోని ఎడమ చీలమండ తడుముకున్నాడు. అతనిది పొగరు కాదనీ, కుదురుగా నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అనీ డాక్టరమ్మ చెప్పింది మొన్ననే.

"నిలబడితే అక్షరాలు పారిపోతాయి సార్," అంది ఎసినాతి ఏడుపు ఆపుకుంటూ.

"నాకూ అంతేనమ్మా. నడువు."

లైటోని తల్లి తన భుజం మీది గుడ్డ తీసి పరిచింది.

"ఇంకా ముగించనేలేదే?" అంది పక్కామె.

"నడిస్తేనే ముగుస్తుందే. నీదీ వెయ్యి!"

గుడ్డల మీద నడుస్తూ ఎసినాతి పేజీ చివరిదాకా చదివింది.

మర్నాడు పొద్దున లైటోని బల్లలన్నీ బయటికి మోసి, పిల్లలతో కలిసి గదంతా తిరుగుతూ చదివాడు. చీలమండ దగ్గర లేని తాడు బిగుస్తూనే ఉంది. అయినా ఆగలేదు.