సగం పియాలా

"నిండా పొయ్యక్కా. తాగేసి వెళ్లిపోతాను," అన్నాడు తిలెక్, ఒళ్లోని సంచీ దించకుండానే.

జిబెక్ వినిపించుకోలేదు. పియాలాలో సగానికి తక్కువే టీ పోసి, కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించి అందించింది. అతిథికి అంచుదాకా పోశామంటే ఇక బయల్దేరమన్నట్టు. కొంచెం కొంచెంగా పోస్తున్నామంటే ఇంకాసేపు కూర్చోమన్నట్టు. బిష్కెక్‌లో ఇది ఎవరికీ నేర్పక్కర్లేదు.

హాస్టల్ కింది అంతస్తులో, వంటగది పక్కన ఉన్న ఆ చిన్న గదిని విద్యార్థులే నడుపుతున్నారు. మందుకో మాత్రలకో అలవాటుపడ్డవాళ్లు వచ్చి కూర్చుంటారు. పేరు అడగరు. ఇంటికి కబురు పెట్టరు. మూలనున్న సింకులో ఎవరు ఏ సీసా ఒంపినా ఆ సంగతి గడప దాటదు. ఈ నియమాలన్నీ పెట్టింది మూడో ఏడు చదువుతున్న జిబెక్కే. మొదటి ఏడు కుర్రాడు తిలెక్ చలికాలమంతా ఇక్కడ కూర్చునే మందు మానేశాడు. మంచు కరగడం మొదలయ్యాక ఎందుకో ఇటు రావడమూ మానేశాడు.

"నువ్వు లేక బూర్సోక్‌లు మిగిలిపోతున్నాయి. ఎలుకలు బలుస్తున్నాయి తెలుసా?" అంటూ వేయించిన పిండి ముక్కల పళ్లెం అతని ముందుకు జరిపింది.

తిలెక్ నవ్వలేదు. తనకు తెలిసినవాళ్లొకరు తాగుతున్నారని, రేపు పొద్దున వార్డెన్ అందరి అల్మారాలూ వెతికించబోతోందని, సీసా దొరికితే వాళ్లు హాస్టల్లోంచే కాదు, కాలేజీలోంచి కూడా వెళ్లిపోవాల్సి వస్తుందని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

జిబెక్ మనసు చివుక్కుమంది. ఈ గదికి వచ్చేవాళ్లందరూ మొదట 'తెలిసినవాళ్ల' కోసమే వస్తారు. తిలెక్ కూడా మొదటిసారి అలాగే వచ్చాడు. చలికాలమంతా పడ్డ పాటు మళ్లీ మొదటికొచ్చిందన్నమాట. ఆ మాట మొహం మీద అనకూడదు. సంచీ వంక ఒకసారి చూసి ఊరుకుంది.

"ఎప్పుడు తాగుతారు వాళ్లు?"

"మొదట్లో రాత్రిళ్లేనేమో. ఇప్పుడు పగలు కూడా. అందరి మధ్యా కూర్చునే తాగుతారు. ఎవరూ పోల్చుకోలేరు."

మాట అక్కడ ఆపేసి ఖాళీ పియాలా ముందుకు జరిపాడు. ఆమె మళ్లీ కాస్త పోసి, మళ్లీ అదే మర్యాదతో అందించింది. ఒక చెయ్యి ఇంకో చేతికి ఆనించకుండా జిబెక్ ఎవరికీ ఏదీ ఇవ్వదు. తోటివాళ్లకి కూడా తాతగారికి ఇచ్చినట్టే ఇస్తుందని అందరూ మెచ్చుకుంటారు. తెరిచి ఉన్న కిటికీ దగ్గర అంచుదాకా నిండి ఉన్న తన పియాలాను రెండు చేతులా తీసుకుని ఒక గుక్క తాగింది. అందులోంచి ఆవిరి రావడం లేదు. లోకుల కష్టాలు వింటూ తన టీ చల్లార్చుకుంటుందని, చలి లోపలికి వస్తున్నా ఆ కిటికీ మూయనివ్వదని గదిలో అదొక వేళాకోళం.

వాళ్ల మీద కోపంగా ఉందా అని అడిగింది. లేదన్నాడు. భయంగా ఉందన్నాడు. ఇంట్లో తెలిస్తే వాళ్లమ్మ తట్టుకోలేదేమో అన్నాడు.

అమ్మ మాట వచ్చేసరికి జిబెక్ పళ్లెంలోని బూర్సోక్‌లు సర్దసాగింది.

"చూడు తిలెక్. ఇవాళే మొత్తం మానెయ్యమని ఎవరూ అనరు. ఈ గదిదాకా వస్తే చాలు. అదిగో సింకు. ముందు చేతిలో ఉన్నది ఒంపేస్తే, మిగతాది కూర్చుని మాట్లాడుకోవచ్చు."

"తిడతారని భయపడితే?"

"నిన్నెప్పుడైనా తిట్టానా?"

"సిగ్గుపడితే?"

బయట ఎవరో మంచు బురదలో బూట్లు ఈడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"సిగ్గుగానే ఉంటుంది," అంది చివరికి. "పక్కన ఒక్క మనిషి లేచి వెళ్లిపోకుండా కూర్చుంటే, అదే కాస్త తగ్గుతుంది. ఆ ఒక్కరు దొరకడమే కష్టం."

తిలెక్ తలూపాడు. సంచీని ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు. ఇప్పుడు సీసా తీస్తాడనుకుని జిబెక్ సింకు వంక చూసింది. అతను సంచీ తెరవకుండా లేచి, అరలోంచి కడిగిన పియాలా ఒకటి తెచ్చాడు. అందులో సగానికి తక్కువగా టీ పోశాడు. కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించి ఆమెకి అందించాడు.

"నాకు ఉందిగా," అంటూ జిబెక్ తన నిండు పియాలాని ఒంటి చేత్తో ఇవతలికి లాక్కోబోయింది. అది గడగడలాడి బల్ల మీద తొణికింది. గబుక్కున రుమాలు వేసి అద్దింది.

తిలెక్ చూడనట్టే సంచీ అందుకుని, దాని నోరు విప్పి ఆమె వైపు తిప్పాడు. లోపల ఏమీ లేదు. జిబెక్ అర్థంకాక అతని మొహంలోకి చూసింది.

"ఆమధ్య ఒకసారి నాదనుకుని నీ పియాలా తీసుకున్నానక్కా, అది టీ కాదు," అన్నాడతను మెల్లగా. "నీ అల్మారాలోవి ఇందులో వేసుకురా, నేను మెట్ల దగ్గర కూర్చుంటాను."